దిగిపోయే క్షణం

దూరాల రికార్డుల కోసం సైకిలెక్కినవారిలో ఎక్కువమంది మధ్యదారిలోనే దిగుతారు. ఆ దిగడం వెనుక ఉన్న లెక్క, బాధ, వివేకం ఎటువంటివి?

పుదుచ్చేరి సైకిలు కోసమే కట్టినట్టుండే పట్నం. ఎత్తుపల్లాలు లేవు. పాత ఊరి చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో పెద్ద బాట, దాని లోపల గీత గీసినట్టు తిన్నని వీధులు, తూర్పున సముద్రం. అద్దె సైకిలు తీసుకొని ఫ్రెంచి కాలపు పసుపు గోడల వెంట సాగి, తీరాన గాంధీ విగ్రహం దాకా వెళ్ళి, పాత దీపస్తంభం చూసి తిరిగి రావడానికి అరగంట చాలు. సాయంకాలమైతే సముద్రపు వీధిలోకి వాహనాలను రానివ్వరు. పిల్లలూ పెద్దలూ ఆ వీధిని తమ పెరడులా వాడుకుంటారు.

కాని ఏడాదిలో కొన్ని రోజులు మరో జాతి సైకిలు రౌతులు ఈ ఊరికి వస్తారు. వీరు చెన్నైలో బయలుదేరి, తీరం వెంబడి పోయే తూర్పు కోస్తా రహదారి మీద సుమారు 150 కిలోమీటర్లు తొక్కుకుంటూ వస్తారు. తలకు గట్టి టోపీ, ఒంటిమీద వెలుగు పడితే మెరిసే చొక్కా, సైకిలు వెనుక మినుకుమినుకుమనే ఎర్రదీపం. చెమట ఆరిపోయి చొక్కా వీపున ఉప్పు చారలు కట్టి ఉంటుంది. వీరికి విగ్రహాలతో, దీపస్తంభాలతో పని లేదు. చేతిలోని కార్డు మీద ముద్ర పడాలి. అది వేసేవారు లేనిచోట దుకాణం రసీదో, బ్యాంకు యంత్రం నుంచి వచ్చిన చీటీయో కావాలి. తాము ఫలానా గంటకు ఫలానా ఊళ్ళో ఉన్నామనడానికి అదే సాక్ష్యం. అది జేబులో పడగానే ఓ అరటిపండు తిని, సీసాలో నీళ్ళు నింపుకొని, వచ్చిన దారినే మళ్ళీ చెన్నైకి తిరుగుతారు. రానూపోనూ 300 కిలోమీటర్లు. గడువు 20 గంటలు.

అందరూ తిరగరు. ఒకడు సైకిలును గోడకు ఆనించి, దాని వంకే చాలాసేపు చూస్తాడు. సీటు మీద చెయ్యి వేస్తాడు, తీస్తాడు. చివరికి టెలిఫోను తీసి నిర్వాహకులకు రెండు ముక్కలు చెబుతాడు. ఫలితాల పట్టికలో అతని పేరు పక్కన కాలం అంకె ఉండదు. మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి: డి.ఎన్.ఎఫ్. అంటే, పూర్తి చేయలేదు.

ఇటువంటి ప్రయాణాన్ని 'బ్రెవే' అంటారు. ఇది ఫ్రెంచి మాట, ఫ్రెంచి ఆచారం. 1904లో పారిస్‌లో పుట్టిన ఒక సైకిలు సంఘం దీన్ని నేటికీ నడుపుతోంది. 200, 300, 400, 600 కిలోమీటర్లు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క గడువు. ఈ నాలుగూ నిర్ణీత కాలంలో ముగించినవారికి అసలు పెద్ద తీర్థయాత్రకు అర్హత వస్తుంది. పారిస్ నుంచి సముద్రపుటొడ్డున ఉన్న బ్రెస్త్ రేవుకు వెళ్ళి మళ్ళీ పారిస్ చేరడం ఆ యాత్ర. సుమారు 1,200 కిలోమీటర్లు, 90 గంటలు. నాలుగేళ్ళకొకసారి జరుగుతుంది.

ఇది మొదట 1891లో ఒక పత్రిక నడిపిన పోటీ. అప్పటికి పుదుచ్చేరి మీద ఫ్రెంచి జెండా ఎగురుతున్నది. షార్ల్ తెరోఁ అనేవాడు 71 గంటల 22 నిమిషాలు నిద్రన్నది లేకుండా తొక్కి గెలిచాడు. గాలి నింపిన టైర్లు లోకానికి కొత్తగా పరిచయమవుతున్న రోజులవి. ఆనాడు బయలుదేరినవారు రెండు వందల పైచిలుకు. వారిలో చివరివరకు చేరినవారు ఇంచుమించు సగమే. తక్కిన సగం మంది ఏ ఊళ్ళో దిగారో, ఏ పూటకూటి ఇంట పడి నిద్రపోయారో చరిత్ర పట్టించుకోలేదు. శతాబ్దం దాటిన తరువాత కూడా ఆ నిష్పత్తి మరీ మారలేదు. 2007లో వాన వదలక కురిసినప్పుడు సుమారు మూడో వంతు మంది మధ్యలో మానుకొన్నారు. 2019లో మన దేశం నుంచి మూడు వందలకు పైగా వెళ్ళారు. ఎదురుగాలికి, అలవాటు లేని చలి రాత్రులకు తాళలేక వారిలో అధికసంఖ్యాకులు గడువులోపల తిరిగి చేరలేకపోయారు.

పందెంలో మానుకొన్నవాణ్ణి ఫ్రెంచివారు 'అబాందోఁ' అని నమోదు చేస్తారు. విడిచిపెట్టడం అని అర్థం. పెద్ద పందేలలో అలాంటివారిని ఏరుకుంటూ వెనుక ఒక బండి వస్తుంది. దానికి వారు పెట్టిన పేరు చీపురు బండి. 1910 నుంచి ఫ్రాన్సు దేశపు మహా పందెంలో అది ఉంది. బండికి నిజంగానే చీపురు కట్టి నడిపేవారు. ఎంత అవమానకరమైనా అది ఒక సౌకర్యం. బ్రెవేలలో ఆ చీపురు కూడా ఉండదు. ఎవరి బరువు వారిదే. ఓడినవాడు తన దారి తానే చూసుకొని ఇంటికి చేరాలి.

తెలుగులో ఈ పనికి మాటలు లేకపోలేదు. 'విరమణ' గౌరవంగా ఉంటుంది, పదవీ విరమణ వలె. 'వ్రతభంగం' అంటే పాపం అంటినట్టుంటుంది. సైకిలుకు సరిపోయే మాట మాత్రం పల్లెటూళ్ళో పుట్టింది: 'దిగిపోవడం'. నడివయసు దాటిన తెలుగువారికి ఆ దృశ్యం గుర్తుండే ఉంటుంది. ఊరి బడి ముందున్న ఖాళీ స్థలంలో నడిమధ్య ఒక గుంజ, దానికి దీపం, మైకులో సినిమా పాటలు. ఎక్కడినుంచో వచ్చిన యువకుడొకడు ఆ గుంజ చుట్టూ మూడు రోజులో, అయిదు రోజులో, వారం రోజులో సైకిలు తొక్కుతూనే ఉండేవాడు. స్నానం సైకిలు మీదే. అన్నం సైకిలు మీదే. గడ్డం గీసుకోవడమూ దాని మీదే. జనం అతని చొక్కాకు రూపాయి నోట్లు గుచ్చేవారు. అర్ధరాత్రి వేళ కొందరు పనిగట్టుకొని లేచి వచ్చి, కాలు నేలకు ఆనిందేమోనని చూసిపోయేవారు. "దిగాడా?" అన్నదే మరునాటి ఉదయం ఊరందరి ప్రశ్న. అతడు తొక్కిన మైళ్ళు ఎవరూ లెక్కపెట్టలేదు. పాదం నేలను తాకిందా లేదా అన్నదే లెక్క.

మైళ్ళు లెక్కపెట్టిన దేశం ఇంగ్లండు. ఒక ఏడాదిలో ఒక మనిషి సైకిలు మీద ఎంత దూరం పోగలడు అన్న ప్రశ్న అక్కడ 1911 నుంచీ వినవచ్చింది. ఆ ఏడు మార్సెల్ ప్లేన్స్ 34,366 మైళ్ళు తొక్కాడు. 1936లో వాల్టర్ గ్రీవ్స్ 45,383 మైళ్ళకు పెంచాడు. ఇతనికి ఒకటే చెయ్యి. 1937లో ఆస్ట్రేలియావాడైన ఆసీ నికల్సన్ 62,657 మైళ్ళకు చేర్చాడు. రౌతులు రోజూ ఎవరో ఒక సాక్షి చేత కార్డు మీద సంతకం చేయించుకొని పంపేవారు. నేటి బ్రెవేలలోని ముద్రల కార్డు దానికి తమ్ముని వరస.

1939 జనవరి 1న ముగ్గురు ఇంగ్లీషువారు ఒకేనాడు ఈ రికార్డు వేటకు బయలుదేరారు. టామీ గాడ్విన్, బెర్నార్డ్ బెన్నెట్, ఎడ్వర్డ్ స్వాన్. స్వాన్ 939 మైళ్ళు పోయాక కిందపడ్డాడు. అంతటితో అతని ప్రయత్నం సమాప్తం. బెన్నెట్ ఏడాది పొడుగునా తొక్కి 65,127 మైళ్ళు చేశాడు. మూడేళ్ళ ముందు చేసివుంటే అది ప్రపంచ రికార్డు. ఆ ఏడాది మాత్రం అది రెండో స్థానం, అంటే ఏమీ కాదు.

గాడ్విన్ చిన్ననాడు సామాన్లు ఇళ్ళకు చేరవేసే కుర్రవాడుగా సైకిలెక్కినవాడు. శాకాహారి. అక్టోబరు 26 నాటికే నికల్సన్ అంకెను దాటేశాడు. అప్పటికి యుద్ధం వచ్చింది. విమానదాడుల భయంతో దీపాలకు ముసుగులు వేయించారు. శీతకాలపు చీకట్లో, దారి కనిపించీ కనిపించని వెలుతురులో అతడు ఆపకుండా తొక్కాడు. డిసెంబరు 31 నాటికి 75,065 మైళ్ళు. దిగవచ్చు కదా? దిగలేదు. లక్ష మైళ్ళు పూర్తి కావాలన్నాడు. 1940 మే నెలలో అయిదు వందల రోజులకు లక్ష మైళ్ళు పూర్తిచేసి అప్పుడు దిగాడు. దిగినవాడికి నడక రాలేదు. కొన్ని వారాలపాటు నడవడం మళ్ళీ నేర్చుకొని, ఆపైన విమానదళంలో చేరాడు.

75,065 మైళ్ళంటే 1,20,805 కిలోమీటర్లు. రోజుకు సగటున 331. ఈ అంకె ఎంతటిదో పుదుచ్చేరి దారి తెలిసినవారికి సులభంగా బోధపడుతుంది. చెన్నైలో బయలుదేరి పుదుచ్చేరి వచ్చి, మళ్ళీ చెన్నై చేరి, అక్కడ ఆగకుండా మరో 31 కిలోమీటర్లు తొక్కాలి. రేపూ అంతే. ఎల్లుండీ అంతే. జ్వరం వచ్చినా, వాన వచ్చినా, పండుగ వచ్చినా, ఇంట్లో పెళ్ళి వచ్చినా అంతే. ఇరవై గంటల గడువిచ్చి, ముగించినవారి పేరు పట్టికకు ఎక్కించే ప్రయాణాన్ని, దానికి కొసరు కూడా కలిపి, 365 సార్లు వరసగా చేయడమన్నమాట. డెబ్బై అయిదేళ్ళపాటు ఆ అంకె దరిదాపులకు ఎవరూ పోలేదంటే ఆశ్చర్యం లేదు.

2015 జనవరి 1న ఒకడు పోయాడు. ఇంగ్లండులో మిల్టన్ కీన్స్ ఊరివాడు, స్టీవెన్ ఏబ్రహామ్, నలభై ఏళ్ళవాడు. ఈ బ్రెవే తరహా దూరయాత్రలలో ఆరితేరినవాడు. యువకుల పందెపు వేగం అతనికి లేదు. అతని బలం వేరు: గంటల తరబడి, రోజుల తరబడి ఒకే తీరున సాగిపోగల నిబ్బరం. మొదటి మూడు నెలలు చలిలో, గాలిలో తొక్కాడు. కొద్ది రోజుల తేడాతో అమెరికాలో కర్ట్ సర్వోగెల్ అనే మరో మధ్యవయస్కుడు ఇదే రికార్డు కోసం బయలుదేరాడు. ఇద్దరి దూరాలనూ ఉపగ్రహాలు నమోదు చేస్తున్నాయి. సముద్రానికి ఈవల ఒకరు, ఆవల ఒకరు. ఒకరినొకరు చూడకుండా పందెం.

మార్చి 29న ఏబ్రహామ్‌ను ఒక మోపెడ్ ఢీకొట్టింది. చీలమండ విరిగింది.

ఇక్కడ కాస్త ఆగి లెక్క చూడాలి, ఎందుకంటే ఇటువంటి ప్రయత్నాలలో మనిషిని దింపేది నొప్పికంటె ముందు లెక్క. మార్చి 29 అంటే ఏడాదిలో 88వ రోజు. మిగిలినవి 277 రోజులు. ఒక రౌతు అంతవరకు రోజుకు సరిగా 331 కిలోమీటర్లు తొక్కుకుంటూనే వచ్చాడనుకొందాం. విరిగిన కాలుతో నెల రోజులు మంచమెక్కితే చేతిలో ఉండేవి 247 రోజులు. దూరం మాత్రం తగ్గదు. అప్పుడు రోజుకు 331 కాదు, 371 తొక్కాలి. అంటే రోజూ సుమారు ఒకటిన్నర గంటకు పైగా అదనం. అదనపు గంట ఎక్కడినుంచి తేవాలి? నిద్రలోనుంచే. నిద్ర తగ్గితే వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే అదే దూరానికి ఇంకో గంట పడుతుంది. మళ్ళీ నిద్ర కోసుకోవాలి. చక్రవడ్డీకి అప్పు తెచ్చినవాడి పరిస్థితి ఇదే. వడ్డీ కట్టడానికే ఒళ్ళు హూనమవుతుంది, అసలు కదలదు.

అందులోనూ ఒక విచిత్రముంది. మంచమెక్కిన తొలిరోజునే కాగితం మీద లెక్క తేలిపోతుంది. అయినా తొక్కేవాడు మానడు. కాగితం చెప్పిన మాట కాలికి చేరడానికి నెలలు పడుతుంది. మొండివాడు రాజుకన్న బలవంతుడని మన సామెత. ఆ బలమే లేకపోతే ఇటువంటి పనికి ఎవరూ దిగరు. కాని దాన్ని విడవవలసిన రోజు వచ్చినప్పుడు అదే బలం అడ్డుపడుతుంది.

ఏబ్రహామ్ మానలేదు. కాలు ఇంకా పట్టుపడకుండానే వెనక్కు వాలి కూర్చొని తొక్కే మూడు చక్రాల బండి ఒకటి సంపాదించాడు. విరిగిన కాలును కదపకుండా, బాగున్న కాలు ఒక్కదానితోనే తొక్కసాగాడు. చూసినవారికి నవ్వూ వచ్చి ఉంటుంది, కళ్ళలో నీళ్ళూ వచ్చి ఉంటాయి. పోగొట్టుకొన్న దూరం అలా ఒంటికాలితో తిరిగివచ్చేది కాదని అతనికి తెలియకపోలేదు. అందుకని ఆగస్టు 8న ఒక ఉపాయం ఆలోచించాడు. జనవరి లెక్కను వదలకుండానే, ఆనాటినుంచి మరో ఏడాది లెక్క మొదలుపెట్టాడు. తొక్కే మైలు ఒకటే, రాసుకొనే ఖాతాలు రెండు. పాత అప్పు ఉండగానే కొత్త పద్దు తెరిచాడన్నమాట. దీన్ని మొండితనమనాలో వివేకమనాలో చెప్పడం కష్టం. రెండూ కలిసిన సందర్భాలు లోకంలో తక్కువేమీ కావు.

ఆవల సర్వోగెల్ మాత్రం సాగిపోతూనే ఉన్నాడు. తనకు అన్నపానాలు, దుస్తులు, మరమ్మతులు చూస్తూ వెంట బండి నడిపిన ఆమెనే ఆ ఏడాది మధ్యలో పెళ్ళి చేసుకొన్నాడు. 2016 జనవరి 9 నాటికి 76,076 మైళ్ళు పూర్తిచేశాడు. గాడ్విన్ అంకె డెబ్బై ఆరేళ్ళకు చెరిగింది. దానితో ఏబ్రహామ్ పరుగెత్తి అందుకోవలసిన గీత ఇంకా ముందుకు జరిగింది. అతని జనవరి ఖాతా ఆ గీతకు చాలా దూరంలో ముగిసింది. ఆగస్టు ఖాతాను ఏడాది నిండకుండానే మూసివేశాడు.

ఆ సంవత్సరమే మే నెలలో అమెరికాలో అమాండా కోకర్ అనే యువతి ఒక ఉద్యానవనంలోని ఏడు మైళ్ళ వలయ మార్గంలో తిరగడం మొదలుపెట్టింది. 2011లో కారు ఢీకొని తీవ్రంగా గాయపడ్డ మనిషి ఆమె. ఏడాది తిరిగేసరికి 86,573 మైళ్ళు. మన పల్లెలో గుంజ చుట్టూ తిరిగినవాడి వంశమే ఇది. వలయం కాస్త పెద్దది. నోట్లు గుచ్చేవారు లేరు.

ఏబ్రహామ్‌ను దింపింది ఏమిటి? మోపెడ్ అనవచ్చు. లెక్క అనవచ్చు. అవతలివాడి విజయం అనవచ్చు. స్వాన్ విషయంలో అలా కాదు. కిందపడ్డాడు, దిగాడు. ఒక్క దెబ్బతో తేలిపోయినవాడు ఒక విధంగా అదృష్టవంతుడు. నిర్ణయం అతడు చేయనక్కరలేకపోయింది. కష్టమంతా సగం విరిగి సగం నిలిచినవాడికే.

శరీరం కొన్నిసార్లు తానే నిర్ణయిస్తుంది. అమెరికాలో పడమటి తీరం నుంచి తూర్పు తీరం దాకా సుమారు 4,800 కిలోమీటర్ల పందెం ఒకటుంది. ఒంటరిగా తొక్కేవారికి గడువు 12 రోజులు. ఆ పందెంలో పాల్గొనేవారికి ఒక వింత బాధ కలుగుతుంది. రోజుల తరబడి ముందుకు వంగి, తల ఎత్తి దారి చూసి చూసి, మెడ కండరాలు ఒక్కసారిగా చేతులెత్తేస్తాయి. తల ముందుకు వాలిపోతుంది. కాళ్ళలో సత్తువ ఉంటుంది, ఊపిరి ఉంటుంది, కాని దారి కనిపించదు. 1983లో మైకేల్ షెర్మర్ అనే రౌతుకు ఇలా జరిగినందువల్ల దానికి 'షెర్మర్ మెడ' అని అతని పేరే స్థిరపడింది. గడ్డం కింద కర్ర పెట్టి, తలను వెనక్కు లాగి కట్టి తొక్కినవారున్నారు. నిద్ర లేక లేని మనుషుల్ని చూసినవారున్నారు. అయిదుసార్లు ఆ పందెం గెలిచిన స్లొవేనియా సైనికుడు యూరె రోబిచ్‌కు దారి పొడుగునా అటువంటి భ్రమలు కలిగేవి. అతని వెంట వచ్చే మిత్రులు ఒక నియమం పెట్టుకొన్నారు. పందెం నడుస్తున్నంతసేపూ తినడం, పడుకోవడం, ఆగడం గురించిన నిర్ణయాలు అతనివి కావు, వారివి. చాలాకాలం మేలుకొన్న మనిషి తన గురించి తాను చేసే తీర్మానం నమ్మదగినది కాదని వారికి అనుభవం నేర్పింది.

ఒంటరిగా పుదుచ్చేరి గోడకు సైకిలు ఆనించినవాడికి అటువంటి మిత్రులు లేరు. నిర్ణయం చేయవలసిన బుర్ర, అలసిపోయిన బుర్ర ఒకటే.

ఆ పందెంలోనే మన సైనిక వైద్యుడు లెఫ్టినెంట్ కర్నల్ శ్రీనివాస్ గోకుల్‌నాథ్ 2016లో మధ్యలో విరమించవలసి వచ్చింది. మరుసటి ఏడు మళ్ళీ వెళ్ళి 11 రోజుల 18 గంటల 45 నిమిషాలలో ముగించాడు. ఒంటరిగా ఆ పందెం పూర్తిచేసిన మొదటి భారతీయుడు ఆయనే. నాగపూర్ వైద్యుడు అమిత్ సమర్థ్ కొద్ది గంటల తరువాత ఆ గీతనే దాటాడు. శ్రీనివాస్ కథను పత్రికలు చెప్పినప్పుడు 2017 కథగా చెప్పాయి. 2016కు ఒక వాక్యం దక్కింది. నిజానికి మొదటిసారి దిగినందువల్లనే రెండోసారి ఎక్కడానికి ఆయన మిగిలాడు.

అందరూ మళ్ళీ ఎక్కరు. ఎక్కాలని నియమమూ లేదు. 1923 అక్టోబరు 15న బొంబాయి నుంచి ఆరుగురు పార్శీ యువకులు సైకిళ్ళ మీద భూప్రదక్షిణకు బయలుదేరారు. అందరూ ఒక బరువులెత్తే వ్యాయామశాలలో కలిసి పెరిగినవారు. పర్షియా, ఇరాక్ ఎడారులు, ఐరోపా, అమెరికా, జపాన్, చైనా చుట్టి 1928 మార్చి 18న బొంబాయి చేరేసరికి, 71,000 కిలోమీటర్లు పూర్తయ్యేసరికి, మిగిలినవారు ముగ్గురే: ఆది హకీమ్, జాల్ బాపసోలా, రుస్తుం భుమ్‌గారా. ముగ్గురూ కలిసి రాసిన పుస్తకానికి జవహర్‌లాల్ నెహ్రూ పీఠిక రాశారు.

మరి తక్కిన ముగ్గురు? నరిమన్ కపాడియా సొంత కారణాలవల్ల టెహరాన్ నుంచే ఇంటికి మళ్ళాడు. గుస్తాద్ హాతీరామ్‌కు అమెరికా నచ్చింది, అక్కడే ఉండిపోయాడు. కేకీ పోచ్‌ఖానావాలా అక్కడినుంచి స్వదేశానికి తిరిగి వచ్చాడు. వీరిలో ఎవరు ఓడినట్టు? ప్రపంచం చూడాలని బయలుదేరినవాడికి ఒక దేశం నచ్చి అక్కడ ఆగిపోతే, అతడు ప్రయత్నం మానుకొన్నాడనాలా, అతని ప్రయత్నం ఫలించిందనాలా? టెహరాన్ దాకా సైకిలు మీద పోయినవాడు ఊళ్ళో ఏనాడూ చిన్నవాడు కాలేదు. మిగిలిన ముగ్గురితో పోల్చినప్పుడే అతడు చిన్నవాడయ్యాడు.

మళ్ళీ పుదుచ్చేరికి వద్దాం. ఇక్కడికి వచ్చి తిరగకుండా ఆగిపోయినవారి కారణాలు పెద్ద పెద్ద కథలు కావు. ఈశాన్య రుతుపవనాల నెలల్లో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది. చెన్నై నుంచి వచ్చేటప్పుడు వీపు తడుతూ తోడువచ్చిన ఆ గాలే తిరుగు దారిలో ముఖాన తగులుతుంది. వచ్చేటప్పుడు వేగం తన కాళ్ళదేననుకొన్నవాడికి వెనుదిరిగాక గాని ఆ ఘనత ఎవరిదో తెలియదు. వేసవి అయితే ఎండ. నీళ్ళు తాగుతూనే ఉన్నా, చెమటలో పోయిన ఉప్పు తిరిగి రాకపోతే తల తిరుగుతుంది, పిక్కలు పట్టుకుంటాయి, మాట తడబడుతుంది. వీటన్నిటికన్న అపాయకరమైనది నిద్ర. తొక్కుతూనే కన్ను మూతపడుతుంది. లారీలు పోయే రహదారి మీద అర నిమిషం చాలు. అనుభవశాలులు కొత్తవారికి చెప్పేది ఇదే: కాలు నొస్తే కాసేపు కూర్చొని చూడు, కడుపు తిప్పితే కాసేపు ఆగి చూడు, నిద్ర వస్తే మాత్రం వాదించకు.

ఆగిన తరువాత కొంతసేపు వింత తేలిక కలుగుతుంది. గడియారం చూడనక్కరలేదు. కాఫీని వేడిగా, నిదానంగా తాగవచ్చు. సముద్రం ఆ పక్కనే ఉన్నదని అప్పుడు గుర్తు వస్తుంది. పన్నెండు గంటలుగా తీరం వెంబడే వచ్చి కూడా అతడు దాన్ని చూడలేదు. తెల్లవారుతుండగా తూర్పున వెలుగు రేకలు విచ్చుతాయి. సముద్రపు వీధిలో నడవడానికి వచ్చిన ఊరివాళ్ళు అతని చొక్కాను, ఉప్పు చారలను చూసి, ఎక్కడినుంచి అని అడుగుతారు. చెన్నై నుంచి అంటాడు. సైకిలు మీదనే! అని వారు నోరు తెరుస్తారు. వారి లెక్కలో అతడు మొనగాడు. తిరిగి వెళ్ళనిది వారికి తెలియదు, తెలిసినా పట్టదు. అతనికి ఆ మెచ్చుకోలు తీసుకోవాలో వద్దో తోచదు.

ఆ తేలికదనం ఎండ ఎక్కేసరికి కరిగిపోతుంది. ఇంకో గంట కూర్చొని ఉంటే లేచేవాణ్ణేమో అన్న ఆలోచన మొదలవుతుంది. కాలు నొప్పి తగ్గేకొద్దీ ఆ ఆలోచన పెరుగుతుంది. బాధ గుర్తున్నంతకాలం నిర్ణయం సరైనదిగానే కనిపిస్తుంది. బాధ మరుపున పడ్డాక అది పిరికితనంగా కనిపిస్తుంది. నాలుగు రోజులు పోయాక అతడు తన కార్డు తీసి చూసుకొంటాడు. సగం గళ్ళలో ముద్రలున్నాయి, సగం ఖాళీ. వాటిని దాచి పెట్టుకొని, వచ్చే నెల ఇక్కడినుంచే మొదలుపెడతానంటే సంఘంవారు ఒప్పుకోరు. మళ్ళీ చెన్నైలోనే, సున్నా దగ్గరే ఎక్కాలి.

అదంతా తరువాతి మాట. ప్రస్తుతం అతడు తేల్చుకోవలసింది వేరొకటి ఉంది. పుదుచ్చేరి బస్టాండులో చెన్నై బస్సు కదలబోతున్నది. సైకిలు ముందు చక్రం ఊడదీసి, టైరును కౌగిలించుకొని నిలబడ్డవాణ్ణి కండక్టరు ఎగాదిగా చూసి, దానికి వేరే టిక్కెట్టు తీసుకోవాలంటాడు.